చాందిని వెనక ఆరు క్వింటాళ్ళు

ఫోన్లో దేవప్ప "ఆరు ఫర్లాంగులు" అన్నాడు. శ్రీనివాసులు చెవిలో అది "ఆరు ఫలారాలు" అని పడింది. తప్పు ఇద్దరిదీ కాదు, బోరు మోటారుది. దాని పక్కన నిలబడి ఫోను ఎత్తితే ఎవరి మాటైనా తిండి మీదికే పోతుంది.

గుర్రప్పందేనికి ఆరు ఫర్లాంగుల చదును నేల కావాలని రేస్ కోర్సులో పనిచేసి వచ్చిన మనిషి చెబితే, పెనుకొండ పెద్దరైతు శ్రీనివాసులు బెంగళూరు పద్ధతి ఇదే కాబోలనుకుని, కొండ కింద చేలో పందిరి వేయించి, ఉగ్గాని, బజ్జీలు, చిత్రాన్నం, ఓళిగలు, మసాలా బొరుగులు, కారాలు, లెక్కకు సరిగ్గా ఆరూ వండించాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదికి అమరాపురం నుంచి బస్సు దిగిన దేవప్ప ఆ వరస చూసి నోరు తెరిచాడు.

"ఏమప్పా, ఈడ పరిగెత్తేది గుర్రమా, కడుపా?"

"నువ్వే కదప్పా, ఆరు ఫలారాలు లేకుంటే అది రేసే కాదంటివి!"

"ఫర్లాంగప్పా! ఫర్లాంగు! దూరం! రెండొందల మీటర్లు ఒక ఫర్లాంగు."

"ఓ, దూరమా?" అన్నాడు శ్రీనివాసులు ఏమాత్రం తొణక్కుండా. "మేము దగ్గరే పెట్టినాములే, తిను."

దూరం సంగతి తర్వాత తేలింది. ఆ చేను చివర కానగ చెట్టు దాకా మూడు ఫర్లాంగులు, పోయి వస్తే ఆరు. లెక్క కుదిరింది. ఇక లెక్క కుదరనిదల్లా సలాం గుండె ఒక్కటే. ఆ గుండె అలా ఎందుకు కొట్టుకుంటోందో ఒక్క గుక్కలో చెప్పుకుని ముందుకు పోదాం.

హిందూపురంలో పెళ్ళికొడుకుల ఊరేగింపుకు గుర్రాన్ని తోలుకుపోవడం సలాం వృత్తి. ఇరవై ఏడేళ్ళుగా అదే. ముసలి గుర్రం కాలం చేస్తే, బెంగళూరు రేసుల్లో ముప్పై ఏళ్ళు గుర్రాలను మాలీసు చేసిన దేవప్ప, పరుగు చాలించిన ఒక ఆడగుర్రాన్ని ఇప్పించాడు. రేసుల్లో దాని పేరు 'మిడ్‌నైట్ మ్యాజిస్ట్రేట్'. సలాం భార్య షాహిదా ఆ పేరు వినగానే, "ఇంట్లో మ్యాజిస్ట్రేట్‌ను నేనొకదాన్ని చాలు" అని తీర్పు చెప్పి, చాందిని అని మార్చేసింది. ఆ చాందిని ధర్మవరంలో తన మొదటి పెళ్ళి ఊరేగింపులో, ఎవడో లారీ వెనక తలుపు ధనామని వేస్తే, అది రేసు మొదలయ్యే గేటు చప్పుడనుకుంది. పెళ్ళికొడుకుతో సహా మండపం దాటింది, ఆర్టీసీ బస్సును దాటింది, ఊరు దాటింది. సలాం చేతిలో లగాము జారింది. పంతులు చేతిలో లగ్నం జారింది. పెళ్ళికొడుకు పవన్ నాలుగు కిలోమీటర్ల అవతల దొరికాడు, తలపాగా మాత్రం ఇంకా దొరకలేదు. పెళ్ళి మూడు గంటలు ఆలస్యంగా జరిగింది. ఆ పవన్ ఎవరో కాదు, శ్రీనివాసులు ఒక్కగానొక్క కొడుకు.

శ్రీనివాసులు తిట్టలేదు. తిట్టి ఉంటే సలాం ఓ నమస్కారం పెట్టి ఇంటికి పోయేవాడు. ఆ పరుగు చూసి ఆయనకు ఆ గుర్రం మీద మనసు పోయింది. రెండొందల మంది ముందర మీసం మీద చెయ్యి వేశాడు. "నా పరువును పరిగెత్తించినావు సలామూ. పెనుకొండలో పందెం పెడతాండా. నీ గుర్రం గెలిస్తే పరువు సరి, గుర్రం నీది. ఓడినా, రాకపోయినా, అది నా వాకిట్లో ఉంటాది." సలాం ఆ కంగారులో "సరే అన్నా" అన్నాడు. ఆ ఒక్క 'సరే' సరాసరి అతన్ని ఈ చేలోకి తెచ్చింది.

చాందిని పోతే సలాం బతుకుతెరువు పోతుంది. అంతకంటే, పొద్దున్నే అతని భుజం మీద మూతి పెట్టి టీ వాసన చూసే ఆ ప్రాణి పోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు గనక, బతుకుతెరువు అనే అందరికీ చెప్పుకుంటున్నాడు.

పందెంలో చాందిని మీద ఎక్కబోయేది సలాం కూతురు ఫర్హానా. డిగ్రీ అయిపోయి, రోజూ చాందినిని చెరువు గట్టు మీద దౌడు తీయించే పిల్ల. రేసుల్లో ఒక్కో గుర్రం యజమానికి ఒక్కో రంగు ఉంటుందని, ఆ రంగు పట్టుచొక్కా తొడిగితేనే దూరం నుంచి ఎవరిది ఏ గుర్రమో తెలుస్తుందని దేవప్ప చెప్పగానే, షాహిదా తన ధర్మవరం చీర కొంగును కత్తిరించింది. చిలకాకుపచ్చ చొక్కా, ఎర్ర జరీ అంచు. కింద జీన్స్. గుర్రానికి జీను, పిల్లకు జీన్సు.

అవతలి గుర్రం కనగానపల్లి చౌడక్కది. అరవై ఎకరాల మారాణి, మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆమె గుర్రం పేరు దొర. తెల్లగా, దొరలాగానే నెమ్మదిగా ఉండేది. దాని మీద ఎక్కేవాడు ఆమె ట్రాక్టరు డ్రైవరు షాబాజ్. వాడు కూర్చుంటే గుర్రం చిన్నదిగా కనబడేది.

పందేనికి ముందు దేవప్ప రెండు గుర్రాలనూ ఒక గుండ్రటి దడి లోపల నెమ్మదిగా నడిపించమన్నాడు. "జనం చూడల్లప్పా. కాళ్ళు చూడల్ల, చెవులు చూడల్ల, చెమట చూడల్ల. బెంగళూర్లో సగం సంబరం ఈడనే."

జనం చూశారు. నాగమ్మ అనే అవ్వ అవి తిరిగిన మూడు చుట్లూ లెక్కపెట్టి దండం కూడా పెట్టింది. "ఎంత సేపు నాయనా ఈ పందెం?" అని అడిగింది.

"ఒక నిమిషం పదిహేను సెకండ్లు, అవ్వా. మహా అంటే ఒకటిన్నర."

"అంతేనా? దానికా నేను రెండు బస్సులు మారి వచ్చిండేది? మా ఎద్దుల బండలాగుడైతే జతకు ఇరవై నిమిషాలు!"

"ఆ నిమిషంలోనే అంతా ఉంటాది. ఒకోసారి గుర్రం మెడంత తేడాతో గెలుస్తాది. ఒకోసారి ముక్కంత తేడాతో."

"పెద్ద ముక్కుండేదాన్ని తెచ్చుకుంటే సరిపాయె కదా," అంది నాగమ్మ. దేవప్పకు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ ఆలోచన రాలేదు. దానికి జవాబు వెతుక్కుంటూ, ఒక్క ఓళిగ అని చెప్పి, పందిరి వైపు పోయాడు.

సరిగ్గా అప్పుడే ట్రాక్టరు వచ్చింది.

ట్రాక్టరు వెనక బండ వచ్చింది. నల్లరాతి బండ. పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు. ముందువైపు ఇనప గొలుసు. పదిమంది పలుగులతో దాన్ని కిందికి దించి, తోసుకుంటూ తెచ్చి, చాందిని తోకకు రెండు గజాల వెనక పెట్టారు. శ్రీనివాసులు టెంకాయ కొట్టాడు. పెళ్ళికొడుకు పవన్, ఇప్పుడు చాందినికి ముప్పై అడుగుల ఎడంగా మైకు పట్టుకున్న పవన్, గొంతు సవరించుకున్నాడు.

"కమిటీ వారి విజ్ఞప్తి. కరపత్రంలోని మూడో రూలు ప్రకారం మేలైన గుర్రమునకు బరువు కట్టబడును. హిందూపురం సలాం గారి గుర్రమునకు ఆరు క్వింటాళ్ళు!"

సలాంకు మొదట అర్థం కాలేదు. గొలుసు కొక్కెం పట్టుకుని ఇద్దరు మనుషులు చాందిని దగ్గరికి రాబోతే అర్థమైంది. అడ్డంగా పడ్డాడు.

"ఏమన్నా ఇది? ఇది గుర్రమన్నా! ఎద్దు కాదు!"

"మాకు తెలీదా ఏమబ్బా? కొమ్ముల్లేవు కదా," అన్నాడు శ్రీనివాసులు. ఇరవై ఏళ్ళుగా చుట్టుపక్కల ముప్పై ఊర్ల బండలాగుడు పోటీలకు ఆయనే కమిటీ ప్రెసిడెంటు. బరువు అనే మాట వింటే ఆయన కళ్ళ ముందు ఒకటే మెదులుతుంది, నల్లరాతి బండ. "రూలు పెట్టిండేది నేను కాదు, మీ దేవప్పే. పోయిన వారం చౌడక్క గొడవ చేసింది కదా, బెంగళూర్లో పరిగెత్తిన గుర్రానికీ చేన్లో మేసే గుర్రానికీ పోటీ ఏందని?"

"చేసినా," అంది చౌడక్క పక్కనుంచి. "ఇప్పుడూ చేస్తాండా."

"అప్పుడు దేవప్ప ఫోన్లో ఏమన్యాడు? రేసుల్లో మేలు గుర్రానికి బరువు పెడతారు, అప్పుడు రెండూ సరిసమానం అన్యాడు. ఎంత అంటే ఆరు కేజీలన్యాడు. పెద్దాయన, వయసైండాది, క్వింటాలనబోయి కేజీ అనుంటాడని కమిటీ దిద్దింది. ఆరు కేజీల బండ యాడన్నా ఉంటాదా? అది ఇంట్లో పచ్చడి నూరే రాయి!"

కమిటీ మొత్తం తలూపింది. ఆ తలల్లో గుర్రమెక్కిన తల ఒక్కటీ లేదు.

"అన్నా, అది లాగితే కాలు విరుగుతాదన్నా. పాతిక అడుగులు కూడా పోదు."

"పాతికడుగులు పోతే పాతికే కొలుస్తాము. టేపు ఉండాది." శ్రీనివాసులు గొంతు కొంచెం తగ్గించాడు. "సలామూ, టెంకాయ కొట్టేసినాము. పూజయిన బండ కదలకుండా ఉండిపోతే ముప్పై ఊర్లలో నేను తలెత్తుకోలేను. కట్టించు. కట్టించకుంటే పందెంలో లేనట్టు. లేనట్టయితే..." ఆయన చాందిని వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ ఉంది. కోపమే అయితే సలాంకు అంత భయం ఉండేది కాదు.

ఏం చేయాలో తోచక సలాం పోయి బండ మీద కూర్చున్నాడు.

"నన్ను దాటి కట్టుకోండి."

పవన్ మైకులో ఇబ్బంది పడ్డాడు. "బండ మీద ఎవరూ కూర్చోరాదు. తూకం మారును."

జనం ఈలలేశారు. ఫర్హానా అప్పటికే పందిరి వైపు పరిగెడుతోంది. పందిరి కింద, ఆరు ఖాళీ విస్తళ్ళ పక్కన, దేవప్ప తలకింద తువ్వాలు పెట్టుకుని పడుకున్నాడు. ఫర్హానా "గుర్రం! గుర్రం!" అని అరిస్తే, అటునుంచి గుర్రు మాత్రమే జవాబిచ్చింది. చివరికి చెంబెడు నీళ్ళు ముఖాన చల్లి లేపి, చేయి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ ఉదయం ఆ చేలో సక్రమంగా లాగబడిన బరువు ఆయన ఒక్కడే.

దేవప్ప బండను చూశాడు. దండను చూశాడు. దాని మీద కూర్చున్న సలాంను చూశాడు.

"అయ్యో నా దేవరే! యావనప్పా కుదురెకు రాయి కట్టిండేది?" కంగారు పడితే ఆయన నాలుక కన్నడంలోకి దాటిపోతుంది, గుర్రం 'కుదురె' అయిపోతుంది.

"నువ్వే!" అన్నారు నలుగురు.

దేవప్ప పవన్ చేతిలోంచి మైకు లాక్కున్నాడు. అంతవరకూ మామూలుగా మాట్లాడిన ముసలాయనకు మైకు తగలగానే ముప్పై ఏళ్ళ రేసులు గొంతులోకొచ్చాయి.

"అందరూ గమ్మునుండి ఇనండి! రేసంటే ఏమి? ఊరికే వేగంగా ఉండేది గెలిస్తే దాంట్లో సోద్యమేముంది? అది ముందే తెలిసిండేదే కదా. అందుకని ఆడ ఒక ఆఫీసరుంటాడు. గుర్రాలు ఇంతకు ముందు పరిగెత్తిండేది అంతా చూసి, మేలు గుర్రానికి నాలుగు కేజీలో ఆరు కేజీలో ఎక్కువ పెడతాడు. యాడ? యెనక కాదు, వీపు మీద! ఎక్కేవాడు, జీను, అంతా కలిపి కాటా మీద తూస్తారు. తక్కువ పడితే జీను కింద జేబుల్లో సీసం రేకులు పెడతారు. పరుగుకు ముందు తూకం, పరుగైనాక మళ్ళీ తూకం. నడమంతరాన ఎవడన్నా రేకు పారేసినాడేమోనని. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటల్ల, అదే ఆ ఆఫీసరు కనే కల. లాగేది లేదు, గొలుసు లేదు, బండ లేదు!"

చేనంతా నవ్వింది. నాగమ్మవ్వ కొంగు నోట్లో పెట్టుకుంది. కమిటీ వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. శ్రీనివాసులు మీసం ఒక అంగుళం దిగింది. సలాం బండ దిగి, మొట్టమొదట చేసిన పని, ఆయన భుజం మీది తువ్వాలు జారిపోతుంటే సర్దడం.

"బండకేమన్నా, సాయంత్రం ఎద్దుల జతలొస్తాండాయి కదా. అయి లాగుతాయిలే. పూజ యాడికీ పోదు."

"అవును," అన్నాడు శ్రీనివాసులు, ఆ మాట ముందునుంచీ తనదే అయినట్టు. "సాయంత్రానికే అది. పొద్దున ఊరికే చూపించినాము."

అంతా సర్దుకున్నట్టే ఉంది. ఫర్హానా చొక్కా గుండీ పెట్టుకుంది. అప్పుడు చౌడక్క చేయెత్తింది.

"ఉండండప్పా. వీపు మీద తూకమే కదా? సరే, తూయండి."

చింతపండు మండీ నుంచి కాటా తెప్పించారు. షాబాజ్ జీను చంకలో పెట్టుకుని ఎక్కాడు. కాటా మూలిగింది. డెబ్బై ఆరు.

"దీనికి ఆరు కలిపితే ఎంత?" అంది చౌడక్క.

"ఎనభై రెండు," అన్నాడు పవన్.

ఫర్హానా ఎక్కింది. జీనుతో సహా యాభై ఒకటి.

నవ్వులు ఆగిపోయాయి. చౌడక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ముప్పై ఒకటి తక్కువ," అంది. "రూలు మీదే, కాటా మీదే. నేనేమీ అనలేదు."

"ముప్పై ఒక కేజీ రాళ్ళు మూటగట్టి పెడితే?" అన్నాడు శ్రీనివాసులు. ఆయన మనసు రాళ్ళను వదల్లేదు.

దేవప్ప తల అడ్డంగా ఊపాడు. "రెండు మూడు కేజీలైతే పెట్టొచ్చు. ముప్పై పెడితే అది వీపు మీద కొట్టుకుంటా ఉంటాది. మనిషి బరువు గుర్రంతో కలిసి ఊగుతాది, రాయి బరువు గుర్రాన్ని గుద్దుతాది. నడుము పోతాది. జీవముండే బరువే కావల్ల."

ఎనభై ప్రాంతపు జీవం కోసం జనం ఒకరి పొట్టలొకరు చూసుకున్నారు. పవన్ ఎవరూ అడక్కముందే, "నేను యాభై నాలుగే," అని ప్రకటించాడు.

"ఎవురో ఏంటికి?" అంది ఫర్హానా. తల ఎత్తి, చేనంతా వినబడేలా. "మా నాయన ఉండాడు. ఇరవై ఏడేండ్లు గుర్రాలతోనే బతికినాడు. జిల్లాలో ఇంకెవురుండారు అంత తెలిసినోళ్ళు?"

జనం చప్పట్లు కొట్టారు. సలాంను కాటా మీదికి ఎత్తినంత పని చేశారు. జీను చేతికిచ్చారు. ముల్లు అటూ ఇటూ ఊగి, ఎనభై రెండు దగ్గర, కొలిచి గీత గీసినట్టు ఆగింది. చౌడక్క కూడా వంగి చూసి, "సరిపోయింది," అంది.

సలాం ముఖంలో మాత్రం రక్తం లేదు.

గుర్రంతో ఇరవై ఏడేళ్ళు నడిచాడు సలాం. నడిచాడు. పగ్గం పట్టుకుని, ముందు, నేల మీద. గుర్రం పైభాగం పెళ్ళికొడుకులది, కిందిభాగం తనది. తొమ్మిదొందల మందిని ఎక్కించాడు, దించాడు, వాంతులు చేసుకున్నవాళ్ళకు నీళ్ళిచ్చాడు. తన పెళ్ళికి తాను ఆటోలో పోయాడు, ఆ రోజు గుర్రానికి వేరే బేరం ఉండింది. ఒక్కసారి కూడా, ఒక్క క్షణం కూడా, రికాబులో కాలు పెట్టలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే, ఎదురుగా పచ్చపట్టు చొక్కాలో కూతురు వెలిగిపోతోంది.

షాబాజ్ దొరను గీత దగ్గరికి తోలాడు. పవన్ ఒక చేత్తో ఎర్రజెండా పట్టుకున్నాడు, అది దించితే పరుగు మొదలు. సలాం దేవప్ప పక్కకు జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి, ఊపిరి కంటే మెల్లగా అడిగాడు.

"దేవప్పన్నా, దీని మీద ఎట్ల ఎక్కల్ల? నేనెప్పుడూ ఎక్కలేదు."

దేవప్ప చేతిలో మైకు ఇంకా అలాగే ఉంది.

"...ఎక్కలేదు... లేదు... లేదు..." అంది పెనుకొండ కొండ.

రెండు వేల మంది అటు తిరిగారు. ఫర్హానా నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి కింద నవ్వుందో ఏడుపుందో సలాంకు తెలియలేదు, చూసే ధైర్యం లేదు. శ్రీనివాసులు మెల్లగా నడిచి వచ్చాడు.

"దాచుకునేది ఏంటికప్పా," అన్నాడు, నిజంగానే జాలిపడి. "వద్దులే. పడితే నడుము పోతాది. పెండ్లాం బిడ్డలుండారు. పగ్గం నాకిచ్చేయి. దాన్ని నేను బాగా చూసుకుంటా. ఫ్యాను పెట్టిస్తా."

చాందిని తల తిప్పి సలాం భుజం మీద మూతి పెట్టింది. ఆ పొద్దు టీ తాగలేదతను. అయినా వాసన చూసింది.

"ఎక్కుతా," అన్నాడు సలాం.

"నాయనా!" ఫర్హానా పరిగెత్తుకొచ్చింది. "ఎడమపక్క! ఎడమకాలు రికాబులో పెట్టు! జూలు పట్టుకో!"

జూలు పట్టుకోవాలంటే రెండు చేతులూ ఖాళీ ఉండాలి. ఇరవై ఏడేళ్ళ అలవాటు. పెళ్ళికొడుకును ఎక్కించేటప్పుడు పగ్గాన్ని పక్కనున్న పెద్దమనిషి చేతికిచ్చి, "ఒక్క నిమిషం పట్టుకోన్నా" అంటాడు. ఇప్పుడూ అలాగే ఇచ్చాడు. అలాగే అన్నాడు. పక్కనున్న పెద్దమనిషి శ్రీనివాసులు.

కాలు పెట్టాడు, ఎగిరాడు. ఫర్హానా కింది నుంచి తోసింది. దేవప్ప తోశాడు. మైకులో అందరి మూలుగులూ వినబడ్డాయి. సలాం పైకి వచ్చి కూర్చున్నాడు. మొట్టమొదటిసారి లోకం అతనికి పైనుంచి కనబడింది. లోకంలో ఇన్ని బట్టతలలున్నాయని అతనికి అంతవరకూ తెలియదు.

ఆ ముఖం చూసి పవన్‌కు ధర్మవరం గుర్తొచ్చిందో ఏమో, వెనక్కి గెంతాడు. జెండా కింద పడింది.

దొర కదిలింది. తెల్లతోక ఊపుకుంటూ, చాందిని కళ్ళ ముందుగా, ముందుకు పోయింది. రేసుల్లో పుట్టి పెరిగిన గుర్రం ఇంకో గుర్రం తోకను ఎంతసేపని చూస్తుంది? చాందిని చెవులు వెనక్కి వాల్చింది.

"పగ్గం వదులన్నా!" అని అరిచాడు సలాం.

"నా గుర్రం!" అన్నాడు శ్రీనివాసులు, పగ్గాన్ని రెండు చుట్లు మణికట్టుకు చుట్టుకుంటూ.

చాందిని ముందుకు ఎగిరింది, వీపు మీద సలాం, పగ్గం చివర శ్రీనివాసులు.